వార్షిక నివేదిక: మన కుళాయి నీళ్లు, మన పైపులు

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మీలో ఒకరు అడిగిన ప్రశ్నే ఈ ఏడాది పనికి మొదలు. పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చే నీళ్ల రుచి ఎందుకు తేడాగా ఉంటోందని అడిగారు. ముందు ట్యాంకులు కడిగించాం. రుచి మారలేదు. ఆ తర్వాతే పైపుల మీద దృష్టి పెట్టాం.

శుద్ధి కేంద్రంలో నీళ్లు ఎంత బాగున్నా, రాత్రంతా మన గోడల్లోని పైపుల్లో నిలవ ఉండి మన గ్లాసులోకి వస్తాయి. అంతసేపట్లో పైపులో ఉన్నదే నీళ్లలోకి దిగుతుంది. పాత సీసపు పైపులు, సీసం కలిపిన టంకంతో వేసిన జాయింట్లు, ఇత్తడి కుళాయిలు, ప్లాస్టిక్ వేడికి పాడవకుండా కలిపే సీసం స్టెబిలైజర్‌తో తయారైన పీవీసీ, అన్నిటి నుంచీ సీసం రావచ్చు. జీఐ (జింకు పూసిన ఇనుప) పైపుల పూతలోనూ సీసం, కాడ్మియం అనే మరో విష లోహం మలినాలుగా ఉండవచ్చు. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువైతే, వేడి నీళ్లయితే ఇంకా ఎక్కువ కరుగుతుంది. నీళ్లలో కరిగిన సీసానికి రంగు, వాసన ఏవీ ఉండవు. అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం.

సీసం పరీక్ష కోసం ఇళ్ల నుంచి నీళ్ల నమూనాల సేకరణ మొదటిసారి వృథా అయింది. చాలామంది కుళాయి కాసేపు వదిలి, శుభ్రంగా వచ్చాక సీసా నింపారు. ఎలా పట్టాలో ముందే వివరించకపోవడం కార్యవర్గం పొరపాటు. రెండోసారి పద్ధతి మార్చాం. కనీసం ఆరు గంటలు ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి, వచ్చిన మొదటి లీటరు ఒక సీసాలో, కొన్ని నిమిషాలు వదిలాక ఇంకో సీసాలో పట్టించాం. మొదటి సీసాలోనే సీసం ఎక్కువుంటే సమస్య చాలావరకు కుళాయిలోనో దగ్గరి ఫిట్టింగుల్లోనో ఉన్నట్టు. రెండోదాంట్లోనూ ఉంటే వెనకాల ఉన్న పైపును అనుమానించాలి. ఎవరి ఫలితాలు వాళ్లకే విడిగా అందజేశాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో సీసానికి పెట్టిన మార్గదర్శక పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. దానికి లోపల ఉంటే భయం లేదని అనుకోవద్దు. పిల్లల మెదడుకు హాని చేయని సీసం మోతాదంటూ ఏదీ ఇంతవరకు తేలలేదు. పాలపొడి కలిపి తాగించే పసిపిల్లలున్న ఇళ్లకు మేం ముందుగా వెళ్లింది అందుకే. కాచి చల్లార్చిన నీళ్లే వాడుతున్నామని కొందరు తల్లులు ధైర్యంగా చెప్పారు. కాస్తే క్రిములు చస్తాయి, సీసం మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది కూడా. ఈ మాట ఒక్కో ఇంట్లో కూర్చుని చెప్పాల్సి వచ్చింది.

నీటి సరఫరా విభాగానికి ఒక వినతిపత్రం ఇచ్చాం. నీటి వనరును గానీ, నీళ్లలో క్రిములు చావడానికి కలిపే మందును గానీ మారిస్తే ముందే తెలియజేయమని కోరాం. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరం సరఫరాను నదికి మార్చినప్పుడు, నీళ్లు పైపులను తినేయకుండా కాపాడే మందు కలపలేదు. పైపుల లోపల ఏళ్లుగా పేరుకున్న రక్షణ పొర దెబ్బతిని, సీసం ఇళ్లలోకి వచ్చింది. ఆ పైపులు అంతకుముందు ఉన్నవే. మారింది నీళ్లు. వినతికి ఇంకా జవాబు రాలేదు, మళ్లీ వెళ్తున్నాం.

పీవీసీ జాయింట్లు కొత్తగా అతికించినచోట గమ్ ద్రావకాల వాసన గురించి ఫిర్యాదులు వచ్చాయి. గమ్ పూర్తిగా ఆరాక, పైపును బాగా కడిగి వాడమని ప్లంబర్లకు చెప్పాం. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం.

వచ్చే ఏడాది అవే కుళాయిల్లో మళ్లీ నమూనాలు తీస్తాం. ఈలోగా పొద్దున మొదటి నీళ్లు మొక్కలకో, నేల కడగడానికో వాడండి. వంటకు చన్నీళ్లే పట్టుకోండి. కుళాయి మూతి జాలీ విప్పి కడగండి. అక్కడ సీసపు రేణువులు చిక్కుకుంటాయి. ఫిల్టరు కొనేవాళ్లు అది సీసాన్ని తొలగిస్తుందని ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. కుళాయిలు మార్పించిన సభ్యులు దయచేసి రెండోసారి కూడా నమూనా ఇవ్వండి. కొత్త ఇత్తడి కూడా మొదట్లో సీసం వదలగలదు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి