మెడ టక్కుమనిపించడం మసాజ్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

ఖమ్మంలో 26 ఏళ్లుగా సెలూన్ నడుపుతున్నా, మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. మీ పేపరు పొద్దున్నే షాపుకొస్తది, నా చేతికొచ్చేసరికి నలుగురు చదివి నలిపేసి ఉంటారు, అది వేరే సంగతి. ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, ఈమధ్య కుర్రాళ్లు కుర్చీలో కూర్చోగానే ఫోన్ తీసి ఒక రీల్ చూపించి "అన్నా ఇట్లా చెయ్యవా" అంటున్నారు. చూస్తే ఎవడో ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి తల వెనక పెట్టి ఒక్క ఊపులో మెడ తిప్పుతాడు, టక్ మని సౌండు, దానికి మళ్లీ మ్యూజిక్కు, కింద లక్షల లైకులు.

నేనూ చేసినోడినే, దాచేదేం లేదు. పదేళ్ల కిందటి దాకా కటింగ్, తల మసాజ్, చివర్లో మెడ అటు ఒకసారి ఇటు ఒకసారి విరిస్తేనే పని పూర్తయినట్టు. ఒకరోజు మా దగ్గరికి ఎప్పుడూ వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారికి అలాగే చేశా, నిమిషం కాలేదు, "కళ్లు తిరుగుతున్నాయిరా" అంటూ కుర్చీ చేతులు గట్టిగా పట్టేసుకున్నారు, నుదురంతా చెమట, నీళ్లు పట్టిస్తే వాంతి. షట్టర్ కూడా వెయ్యకుండా ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. సాయంత్రానికి తేరుకున్నారు గానీ డాక్టరు నన్ను పక్కకి పిలిచి తన మెడ మీదే వేలు పెట్టి చూపించాడు. మెడ ఎముకలకి రెండు పక్కలా చిన్న రంధ్రాలుంటాయట, వాటిల్లోంచే మెదడు వెనక భాగానికి రక్తం మోసే రెండు నాళాలు పైకి పోతాయి, మెడని అలా ఒక్కసారిగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరగొచ్చు, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి ఎక్కితే పక్షవాతమే. రోజుకి పది మందికి చేస్తున్నా కదా, ఎవరికీ ఏం కాలేదే అన్నా నేను. "ఆ ఒక్కడు ఎవడో ముందే తెలుస్తదా నీకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2024లో బళ్లారిలో ఒకతనికి కటింగ్ తర్వాత మెడ విరిస్తే స్ట్రోక్ వచ్చిందని పేపర్లలోనే చదివాం. 2022లో హైదరాబాద్‌లో ఒకామెకి పార్లర్‌లో తల కడిగించుకుంటుంటే, బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాల్చి ఉంచినందుకే వచ్చింది. అప్పట్నుంచి నేను బేసిన్ దగ్గర టవల్ చుట్టి మెడ కింద పెట్టి, ఎలా ఉందని అడిగాకే నీళ్లు వదులుతున్నా. ఇంకో మాట, ఆ టక్ అనేది ఎముక సెట్టయిన సౌండని చాలామంది అనుకుంటారు. కాదు, కీలు లోపలుండే జిగురు నీళ్లలో గాలి బుడగ చేసే సౌండది, మన మెటికలు విరిచినప్పుడు వచ్చేదే.

మరి మసాజ్ అంటే ఏంటి అంటారా. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరం తీసి, చేతులు కడుక్కోవాలి, నూనె డైరెక్టుగా నెత్తిన పొయ్యకుండా అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టాలి. చెయ్యి వెయ్యగానే పిసకడం మొదలెట్టొద్దు, ముందు భుజాల మీద ఊరికే చేతులుంచి మెల్లగా నిమరాలి, కండ కాస్త వదులయ్యాక అప్పుడు పిసకాలి, అది కూడా గిల్లినట్టు వేళ్ల కొసల్తో కాదు, చపాతీ పిండి పట్టుకున్నట్టు అరచెయ్యంతా పెట్టి. తలకైతే వేళ్లు జుట్టులో అటూ ఇటూ జారకూడదు, వేలు పెట్టిన చోటే ఉండాలి, కింద చర్మం ఎముక మీద కదలాలి, లేకపోతే జుట్టు లాగేసి మనిషి పళ్లు బిగబట్టి కూర్చుంటాడు, పాపం మొహమాటానికి చెప్పడు. వెన్నుపూస మీద నొక్కకూడదు, దానికి రెండు పక్కలుండే కండ మీదే. గొంతు ముందువైపు అసలు చెయ్యి పెట్టొద్దు. చివర్లో మళ్లీ నిమిరి వదలాలి. మధ్యలో మాట్లాడకపోయినా పర్లేదు గానీ అద్దంలో మొహం చూస్తూ ఉండాలి, కనుబొమ్మలు ముడిపడ్డా, ఊపిరి బిగబట్టినా బరువు తగ్గించాల్సిందే.

షాంపూ అనే మాట మన చంపీ, అంటే తల మర్దన, లోంచే పుట్టిందట, మా అబ్బాయి చెప్పాడు. పట్నా నుంచి పోయిన దీన్ మహమ్మద్ అనే ఆయన రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లాండులో దొరలకి మర్దన చేసి పేరు సంపాదించాడంట. మన పనే అక్కడికెళ్లి సీసాలో తిరిగొచ్చింది, ఇప్పుడు పాకెట్ రెండు రూపాయలు.

చేసేవాడి ఒళ్లు గురించి మాత్రం ఎవడూ మాట్లాడడు. మా నాన్నకి యాభై దాటేసరికి కుడిచేతి బొటనవేలు వంగేది కాదు, టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకునేవాడు. బలమంతా బొటనవేళ్లతో పెడితే అదే గతి. మోచెయ్యి, మణికట్టు తిన్నగా ఉంచి, ఒక కాలు ముందుకేసి, మోకాళ్లు కొంచెం వంచి, ఒంటి బరువు చేతుల్లోకి వాల్చాలి, అప్పుడు పది మందికి చేసినా నడుం నిలబడతది. కుర్చీ ఎత్తు మన నడుముకి తగ్గట్టు పెట్టుకోవాలి గానీ మనం కుర్చీ కోసం వంగకూడదు.

ఇళ్లల్లో కాళ్లు పట్టే పిల్లలకి కూడా ఒకటి చెప్పాలి. పాదం నుంచి పైకి, గుండె వైపు నిమరాలి, మోకాలి వెనక గుంటలో నొక్కొద్దు, ఉబ్బిన నరాల మీద నొక్కొద్దు. దూర ప్రయాణం చేసొచ్చినా, ఆపరేషనయి మంచంలో ఉన్నా, ఒక్క కాలి పిక్కే వాచి వేడిగా నొప్పిగా ఉందంటే మటుకు పట్టేసిందిలే అని నూనె రాసి పిసకొద్దు. లోపల రక్తం గడ్డ ఉండొచ్చు, నొక్కితే కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. షుగర్ వాళ్ల పాదాలకి స్పర్శ తక్కువుంటది, గట్టిగా నొక్కినా బాగుందనే అంటారు, వాళ్ల మాట నమ్మొద్దు, మీరే చూసుకుని మెత్తగా చెయ్యాలి. జ్వరం, గజ్జి, కొత్త దెబ్బలుంటే ఆ రోజుకి మానేయాలి.

మన తెలంగాణలో 2021 నుంచి సెలూన్లకి నెలకి 250 యూనిట్ల కరెంటు ఫ్రీగా ఇస్తున్నారు, మంచిదే, నాకూ వస్తది. దాంతోపాటు మండలానికి ఒకసారి ఫిజియోథెరపీ డాక్టరుతో రెండ్రోజులు మా పిల్లలకి ఈ సంగతులు నేర్పిస్తే బాగుండు, కట్టింగ్ మెషీన్ ఎలాగూ కంపెనీవాళ్లే చూపిస్తారు. మీరు కూడా వీలైతే ఆదివారం బుక్కులో ఒక పేజీ బొమ్మలతో వెయ్యండి. మా షాపులో అద్దం పక్కన "మెడ విరవబడదు" అని రాసి పెట్టా, రోజుకి ఇద్దరైనా ఎందుకన్నా అని అడుగుతారు, అడిగిన ప్రతోడికీ ఈ కథంతా చెప్పలేక చస్తున్నా, ఆ పేజీ ఉంటే కత్తిరించి దాని కిందే అంటిస్తా.

ఇట్లు
మీ పాఠకుడు,
ఖమ్మం