2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

వేసవి చలివేంద్రం, రక్తదాన శిబిరం, పిల్లలకు నోటుపుస్తకాల పంపిణీ, సంక్రాంతి ముగ్గుల పోటీ ఏటా జరిగినట్టే జరిగాయి. ఫొటోలు బయట బోర్డు మీద పెట్టాం, చూడండి. ఈ ఏడాది ముఖ్యంగా చెప్పుకోవాల్సింది మన విజయవాడ వరద రోజుల్లో మన సంఘం చేసిన పని గురించి. అప్పట్లో కొన్ని పనులు కావాలనే మానుకున్నాం. ఎందుకు మానుకున్నామని చాలామంది సభ్యులు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆగస్టు 31న పట్టుకున్న వాన, మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడటం మీకందరికీ గుర్తే. సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ముంచుకొచ్చాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. మన వీధుల్లోకి నీళ్లు రాలేదు. పక్క పేటలో మనుషులు మేడల మీద నిలబడి ఉంటే మనం ఇంట్లో ఎలా కూర్చుంటాం? గంటలోపే పులిహోర కలుపుదామని, వ్యాన్ మాట్లాడదామని ఫోన్లు మొదలయ్యాయి.

ముందు ఇద్దరు వెళ్లి, చూసి, అక్కడివాళ్లను అడిగి రావాలని కార్యవర్గం నిర్ణయించింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర వాళ్లు చూసింది ఇదీ: పడవలు దిగేదీ, ముసలివాళ్లనీ పసిపిల్లలనీ ఒడ్డుకు చేర్చేదీ ఆ ఒక్క చోటే. సాయానికి వచ్చిన బళ్లు రెండు పక్కలా నిలిచిపోయి అంబులెన్సుకు దారి లేదు. ఫ్లైఓవర్ మొదట్లో అన్నం పొట్లాలు గుట్టలుగా పడి పులిసిపోతున్నాయి. లోపలి సందుల్లో మేడల మీద ఉన్నవాళ్లకు మాత్రం మంచినీళ్లు కూడా అందలేదు. అక్కడికి పడవ కూడా కష్టంగా వెళ్తోంది, కొన్ని చోట్లకు డ్రోన్లతో పంపాల్సి వచ్చింది. ఆ పరిస్థితుల్లో మన వ్యాన్ కూడా వెళ్తే ఎవరికి ఉపకారం?

అందుకే వ్యాన్ ఆపాం. లోపల ఉన్నవాళ్లలో ఫోన్ పనిచేస్తున్నవాళ్లను కనుక్కుని, ఏం కావాలని అడిగాం. అన్నం అన్నవాళ్లు తక్కువ. బీపీ మాత్రలు అయిపోయాయన్నారు, పాలడబ్బా అన్నారు, కొవ్వొత్తులు, ఫోన్ చార్జింగ్, ఆడవాళ్లకు ప్యాడ్లు అన్నారు. మాత్రల అట్టలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. మన వీధి చివర మెడికల్ షాపు యజమాని ఆ ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి, పేరూ మిల్లీగ్రాములూ సరిచూసి, ఏ ఇంటివి ఆ ఇంటికి విడివిడిగా కవర్లలో కట్టారు. ఇన్సులిన్‌ను ఐసులో పెట్టబోతే ఆయనే ఆపారు. గడ్డకడితే మందు పనికిరాదట. ఐసు తగలకుండా బట్టలో చుట్టి ఫ్లాస్కులో పెట్టించారు. రాత్రి పదకొండు దాటినా షట్టర్ దించని ఆ పెద్దమనిషికి ఈ సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టాలని నా మనవి.

ఆ కవర్లు పడవలవాళ్ల చేతికిచ్చాం. మనవాళ్లెవరూ నీళ్లలోకి దిగకూడదని గట్టిగా చెప్పాం. కొందరు కుర్రాళ్లకు కోపం వచ్చింది, నాకు తెలుసు. ఈత రానివాడు తెరిచి ఉన్న మురుగుకాలవలో పడితే, కరెంటు తీగ తగిలితే, పడవవాళ్లు వరద బాధితులను వదిలేసి వాడిని వెతకాలి. ఆ కుర్రాళ్లే తర్వాత ఆ సంచులు ఫ్లైఓవర్ దాకా మోశారు. వాళ్ల తల్లిదండ్రులకు నా నమస్కారాలు.

సంఘం బ్యానర్ కట్టలేదేమని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. బ్యానర్ కడితే ఫొటో తీస్తారు, ఫొటో తీస్తే చెయ్యి చాచిన మనిషి ముఖం అందులో పడుతుంది. నిన్నటిదాకా తన ఇంట్లో తాను దర్జాగా బతికిన మనిషి ఆయన.

నీళ్లు తీశాక ఫ్లైఓవర్ మీద జనం పలచబడ్డారు. మన అవసరం అప్పుడే మొదలైంది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగాయి కానీ మూలల్లో, మంచాల కింద బురద బురదగానే ఉంది. "భోజనం వద్దయ్యా, ఆ పార ఇచ్చి వెళ్లు" అన్నారు ఒకావిడ. పారలు, చీపుర్లు, బ్లీచింగు, చేతి తొడుగులు పట్టుకెళ్లాం. ఇంటివాళ్లు రమ్మంటేనే గడప లోపలికి వెళ్లాలని, తడిసి పాడైనట్టు కనిపించినా సరే, అడగకుండా ఏ వస్తువూ బయట పారెయ్యకూడదని నియమం పెట్టుకున్నాం. మనకు చెత్తలా కనిపించింది వాళ్లకు పెళ్లినాటి ఆల్బమ్ కావచ్చు.

రాజరాజేశ్వరిపేటలో బట్టలు కుట్టుకుని బతికే ఒకామె కుట్టుమిషన్ బురదలో కూరుకుపోయింది. కొత్తది కొనిస్తామని ఒక దాత ముందుకొచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. "నా మిషన్ నాకు అలవాటు, మెకానిక్‌ని పంపండి చాలు" అంది. మన సభ్యుడొకరు మిషన్ విప్పి, ప్రతి భాగం కిరోసిన్‌తో కడిగి, ఎండబెట్టి, నూనె వేసి, మోటారుకు కొత్త వైండింగ్ చేయించారు. మొదటి కుట్టు వేసి చూసుకుని, ఆమె కొంగు ముడి విప్పి వంద రూపాయలు ఇచ్చింది. వద్దనబోయిన మా కోశాధికారి చెయ్యి నేనే పట్టుకున్నాను. తీసుకుని రసీదు రాసిచ్చాం. ఆ రసీదు నకలు మన ఫైలులో ఉంది. ఈ ఏడాది మన సంఘానికి వచ్చిన విరాళాల్లో అంత విలువైనది లేదు.

ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు ప్రకటించింది. జాబితాలో పేర్లు జారిపోయినవాళ్లకు అర్జీలు రాసిపెట్టాం. సాయం అడగని చోట వెనక్కి తగ్గాం సరే, ఇక్కడ మాత్రం అడిగిందే అడిగి కాళ్లరిగేలా తిరిగాం. సార్ లేరు, రేపు రండి అన్న మాట ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. అద్దెకున్నవాళ్ల బాధ వినడానికి అక్కడ ఒక్కరికీ తీరిక లేకపోయింది.

దసరాల్లో ఇంద్రకీలాద్రి క్యూ దగ్గర మన మంచినీళ్ల సేవలో జరిగిన ఒక సంగతి. ఒక కుర్రాడికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తలో చెయ్యి వేసి చేతిలో తాళాలు పెట్టేవాళ్లు, నోట్లో నీళ్లు పోయబోయేవాళ్లు, కాళ్లూ చేతులూ అదిమిపట్టేవాళ్లు. ప్రథమ చికిత్సలో శిక్షణ తీసుకున్న మన అమ్మాయి ఒకరు అందరినీ జరిపి, తల కింద తువ్వాలు మడిచి పెట్టి, పక్కకు తిప్పి, గడియారం చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యాలి, అంతకుముందే తగ్గిపోయింది. ఏమీ చెయ్యట్లేదేంటమ్మా అని ఆ పిల్లని తిట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఆ క్షణంలో చెయ్యాల్సినదంతా ఆ అమ్మాయే చేసింది. ప్రథమ చికిత్స తరగతి మళ్లీ పెడుతున్నాం, ఈసారైనా రండి.

పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దల కోసం రోజూ ఇంటికి వెళ్లి పలకరించే పథకం పెట్టాం. రిటైరైన ఒక టీచరు గారు, "రోజూ వచ్చి బాగున్నారా అంటే నాకే జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది" అని మొహం మీదే చెప్పేశారు. ఆవిడతోనే మాట్లాడి పద్ధతి మార్చాం. తొమ్మిది దాటినా గుమ్మంలో పాల ప్యాకెట్ అలాగే ఉంటే పక్కింటివాళ్లు బెల్లు కొడతారు, లేకపోతే ఎవరూ వెళ్లరు.

ఇక నొప్పించే మాట. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్లంతా పారలు పట్టుకుని వచ్చి ఉంటే పని సగం రోజుల్లో అయ్యేది. ఆదివారం వస్తామని పేర్లిచ్చి ఫోన్ ఎత్తనివారు, రాలేమని ముందే చెప్పండి. వేరేవాళ్లను పిలుచుకుంటాం.

పారలు అరువిచ్చిన సిమెంటు షాపు వారికి, డబ్బు తీసుకోకుండా తిప్పిన ఆటో అన్నలకు, హాలు వాచ్‌మన్‌కు, టీలు పోసిన హోటలు వారికి, మా ఇళ్లలో ఓర్చుకున్న ఆడవాళ్లకు కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ అయి జతచేసి ఉంది. అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగండి. చందా బకాయిలు ఈ నెలాఖరులోగా కట్టాలి.

ఈ నివేదికను ఆమోదించాల్సిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ