ఉప్పులో ‘ఉ’

మదనపల్లె దగ్గర,
శనివారం, పిల్లలు నిద్రపోయే వేళ

ఒసే పద్మా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. దసరాకి రాస్తానన్న ఉత్తరం కార్తీకంలో రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనైతే నా మాట సగంలో ఉండగానే నువ్వు మీ అత్తగారి పురాణం అందుకుంటావు. కాగితమైతే నోరు మూసుకుని వింటావు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఆయన మోకాలు తగ్గింది, చిన్నదానికి జలుబు తగ్గలేదు. మొన్న అక్టోబరు 2కి మన అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలై 50 ఏళ్లు నిండాయి కదా, 1975లో దేశం మొత్తంలో 33 బ్లాకులతో మొదలైందట. సెక్టారు మీటింగులో అదంతా చెప్పుకున్నాం, టీ తాగాం, వచ్చేశాం. వార్తలు సమాప్తం.

అసలు సంగతి, ఈ వారం మా సెంటర్లో ‘ఉ’ నేర్పాను. నవ్వకు. ఒక్క అక్షరానికి ఇంత ఉత్తరమా అనుకుంటున్నావు కదూ? చదువు, తెలుస్తుంది.

మన రెండు వేళ్ల మేడం గుర్తుందా? పసిపిల్లల చదువుకి కొత్త దారి చూపిన మరియా మాంటిసోరీ 1939లో మద్రాసు అడయారు వచ్చిన సంగతి, తనే ఎదురెళ్లి దండ వేసినట్టు రోజూ చెప్పేదే, ఆవిడ! గరుకు అక్షరాన్ని చూపుడు వేలూ నడిమి వేలూ కలిపి, కళ్లు మూసుకుని తడమమనేది. నువ్వు ‘ఖ’ తడిమి ‘బల్లి మేడం’ అన్నావు. ఇప్పటికీ నాకు ‘ఖ’ చూస్తే బల్లే. సరే, ఆవిడ అన్న ఆ గరుకు కాగితం కోసం రంగుల షాపుకి వెళ్తే, కుర్రాడు ‘ఉప్పు కాగితమా అక్కా?’ అన్నాడు. అవును కదా, ఉప్పు కాగితం! ‘ఉ’ని ‘ఉ’తోనే చేయొచ్చని అప్పుడు తట్టింది. అట్ట మీద నీలం కాగితం వేసి (అచ్చులకు నీలం, హల్లులకు గులాబీ, మేడం రూలు), ఉప్పు కాగితాన్ని ‘ఉ’గా కత్తిరించి అంటించాను.

రెండో రోజు నిజం ఉప్పు. స్టీలు తాంబాళంలో అడుగున ఎర్ర కాగితం, దాని మీద సన్న ఉప్పు పల్చగా. వేలు పెట్టి లాగితే ఉప్పు పక్కకు జరిగి అక్షరం ఎర్రగా బయటపడుతుంది. ఆ ఎరుపు తేలేసరికి వాళ్ల మొహాలు చూడాలి! తప్పు పోతే పళ్లేన్ని అటూ ఇటూ ఊపితే చాలు, పోతుంది. పలక మీద కొట్టేసినప్పుడు ఏడ్చే పిల్ల ఇక్కడ తప్పు పోవడం కోసమే తప్పు రాసింది. రాళ్ల ఉప్పు మాత్రం వద్దు, వేళ్లకు గుచ్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు సన్నుప్పు కూడా ముద్ద కడుతుంది, రాత్రే డబ్బాలో బిగించి పెట్టుకోవాలి. ఒకదానికి వేలు తెగి ఉంది, ‘మంట’ అని అరిచింది, దానికి పక్కన ఇసుక పోసిచ్చాను. ఇక నాకడం సంగతి అడక్కు. మా ఆయమ్మ ‘ఇది చదువా మేడం, ఊరగాయా?’ అంది.

గోడ మీద చార్టులో ‘ఉ’కి ఉల్లిపాయ బొమ్మ ఉంటుంది కదా. మన ఒంగోల్లో చెల్లుతుంది. ఇక్కడ దాని పేరు ఎర్రగడ్డ. అందుకే పిల్లలు రాకముందే ఆ బొమ్మ మీద తెల్ల కాగితం అంటించాను. కాగితం కింద ఏదో ఉందంటే మనవాళ్లు ఊరుకుంటారా? మధ్యాహ్నానికి పీకేశారు. ‘ఎర్రగడ్డ!’ అని సెంటరంతా ఒకటే అరుపు. మంచిదే, ‘ఎ’ వచ్చినప్పుడు పనికొస్తుందని దాన్ని కత్తిరించి దాచాను. బొమ్మల కంటే వేపచెట్టు మీది ఉడుత నయం. అది మాత్రం ఏ జిల్లాలోనైనా ఉడుతే.

మూడో రోజు ఉలవలు. నేల మీద సుద్దతో పెద్ద ‘ఉ’ గీస్తే, మొదటి నుంచి చివరిదాకా వరసగా దాని మీద ఉలవలు పేర్చుకుంటూ పోవాలి. నాలుగేళ్లు దాటిన వాళ్లకే ఇచ్చాను. చిన్నవాళ్లకు ఉలవ అంటే ముక్కులో పెట్టుకునే వస్తువు, వాళ్లకు మట్టి ఇచ్చి పాములు చేయించి చుట్టించాను. పెన్సిలు పట్టే ముందు ఆ బుల్లి వేళ్లకు కావాల్సిన బలం ఇందులోనే వస్తుంది. ఈ ముక్క తల్లిదండ్రులకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఊ, మర్చిపోయాను, ఉయ్యాల! వేపకొమ్మకు పాత చీర కట్టాం. చిన్నగా తోస్తే అందరూ ‘ఉ’ అనాలి, గట్టిగా తోస్తే ‘ఊ’ అని సాగదీయాలి. హ్రస్వం, దీర్ఘం అని నువ్వూ నేనూ ఆరో తరగతిలో బట్టీ పట్టింది వీళ్లకు నడుముకి తెలిసిపోయింది. పైగా మనకో సుఖం ఉందే, అక్షరం పేరూ దాని శబ్దమూ ఒకటే. పాపం ఇంగ్లీషు నేర్పేవాళ్లు ‘బీ’ అని చెప్పి, చదివేటప్పుడు ‘బ్’ అనాలని మళ్లీ విడిగా చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలైంది. నిన్న పొద్దున టమోటా మార్కెట్టు నుంచి అటే వచ్చేశాడు ఒక పిల్లాడి నాన్న. బండి వెనక ఖాళీ ట్రేలు, మొహం నిండా కోపం. ‘ఏం మేడం, మావోనికి ఇంకా పలక కూడా ఇయ్యలేదంట. ఉప్పులో ఆడిస్తాండారంట. పక్కూరి కాన్వెంట్లో ఈ వయసుకే కాపీలు రాస్తాండారు. నాలుగు దినాల్లో ఏం నేర్పించినారు?’ అన్నాడు. నిజం చెప్తున్నా, నాకు కడుపు మండింది. ఉన్న జీతానికి ఈ మాటలు కూడానా అనిపించింది. నోరు తెరవబోయాను.

ఇంతలో వాడు, మూడడుగులు కూడా లేని వెధవ, వెనక నుంచి వచ్చి నాన్న చొక్కా పట్టుకుని లాగాడు. ‘నాయినా, కూసో.’ ముందురోజే వీపు ఆట ఆడించాను: ఒకడు ఇంకొకడి వీపు మీద వేలితో ‘ఉ’నో, అంతకుముందు నేర్చుకున్న ‘అ’నో రాయాలి, ఎదుటివాడు చూడకుండా చెప్పాలి. వాడికి అదే పిచ్చి పట్టుకుంది. ఆయన విసుక్కుంటూనే గడప మీద కూర్చున్నాడు. వీడు రెండు వేళ్లు కలిపి (మన మేడం చూసుంటే ఏడ్చేసేది) నిదానంగా, చేయి ఎత్తకుండా రాశాడు.

‘ఏం రాసినా, చెప్పు.’

‘సున్నా.’

‘కాదు.’ మళ్లీ రాశాడు.

‘ఆరు?’

‘కాదు నాయినా! సరిగ్గా కూసో, కదలాకు.’ ఇంకాస్త గట్టిగా రాశాడు.

ఆయనకు చక్కిలిగింతలు, నవ్వాపుకోలేక ‘జిలేబీరా!’ అన్నాడు. పిల్లలందరూ గొల్లుమన్నారు. మావాడు మాత్రం నవ్వలేదు. అచ్చం నేను అనేలాగే ‘పర్లేదు, రేపు వస్తుందిలే’ అన్నాడు! నా మాట, నా గొంతు, నడుం మీద చెయ్యి కూడా నాదే. తర్వాత నాన్న చెయ్యి పట్టుకుని తాంబాళం దగ్గరికి తీసుకెళ్లి, ఆ టమోటా మరకల వేలిని ఉప్పులో పెట్టి లాగించాడు. ఎర్రగా ‘ఉ’ వచ్చింది, కొంచెం సొట్టగా. ‘ఊపెయ్, మళ్లీ రాయి’ అన్నాడు వాడు.

నేను ఒక్క మాట మాట్లాడలేదు, నమ్ముతావా? నేను! ఆయన కూడా కాన్వెంటు ఊసెత్తలేదు. పోతూ పోతూ ‘పలక ఎప్పుడిస్తారు మేడం?’ అని మాత్రం అడిగాడు, మామూలు గొంతుతో. సంక్రాంతి తర్వాత అన్నాను. ఒప్పుకున్నాడో, తల ఊపాడో తెలియలేదు. కానీ ఈరోజు పొద్దున వాడు వచ్చేటప్పుడు జేబులో పొట్లం కట్టుకుని ఇంటి ఉప్పు తెచ్చాడు. వాళ్ల అమ్మ పంపిందో, నాన్నో... అడుగుదామనుకున్నా కానీ

అదుగో, ఒకడు లేచాడు, ఇంకొకడిని లేపుతున్నాడు. గుడ్ల ఆటో కూడా వచ్చినట్టుంది, లెక్కపెట్టి సంతకం పెట్టాలి. ‘ఊ’కి ఏం చేయాలో ఆలోచించి రాయి. బూరలు ఊదించడం తప్ప ఏమీ తోచట్లేదు. మీ అత్తగారిని అడిగానని చెప్పు, బల్లిని కూడా.

నీ
సరళ