ఆకులా ఉన్నంత మాత్రాన ఆకు కాదు

చిన్నీ,

ఫోటో చూశాను. బేతంచెర్ల నాపబండ మీద నల్లగా పరుచుకున్నది ఆకు శిలాజం కాదు తల్లీ. పరుపుల (రాతి పొరల) మధ్య సందులోకి దిగిన నీళ్ళు తెచ్చిన మాంగనీసు అలా కొమ్మలు వేస్తూ పేరుకుంటుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. 10 రెట్ల లెన్సును కంటికి ఆనించి పట్టుకుని, రాయినే అంగుళం దూరానికి తెచ్చుకో. ఆకుకైతే నడిమి ఈనె ఉంటుంది, దాని నుంచి పిల్ల ఈనెలు వరసగా చీలతాయి. ఇక్కడ అవేవీ ఉండవు, కొమ్మలు బండ అంచు నుంచో పగులు నుంచో బయల్దేరతాయి. అసలు నేల మీద మొక్కలు వచ్చి 47 కోట్ల ఏళ్ళే. మన నాపరాయి అంతకంటే చాలా పాతది, గవ్వలు, నత్తలు పుట్టకముందుది, అందుకే అందులో వాటిని కూడా వెతకొద్దు. అవి కావాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు, దుద్దుకూరు సున్నపురాయి చూడాలి. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ళది, మరమేకులా మెలితిరిగిన టురిటెల్లా నత్తలు దుద్దుకూరులో దొరుకుతాయి.

కడప జిల్లాలో మనకు దక్కే అసలైన శిలాజం స్ట్రొమాటొలైట్. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట సూక్ష్మజీవుల పొరలు ఒకదానిమీద ఒకటి కట్టిన గుట్టలవి. వేంపల్లె డోలమైటులో, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటి రాతిలో, ఉంటాయి. బండ పైముఖం చూస్తే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలే కనిపిస్తాయి. పక్కముఖం చూడు. ఒక చెంబు నీళ్ళు పోస్తే గీతలు తేలతాయి. బోర్లించిన గిన్నెల దొంతరలా, అన్నీ ఒకే వైపుకి ఉబ్బి ఉండాలి. పైకి ఒకసారి, కిందికి ఒకసారి వంగితే అది వట్టి ముడత పడ్డ పరుపు కావచ్చు. నాకైతే వీటి ముందు ఏ స్ఫటికమూ ఆనదు.

తెల్లటి చారలు కనిపిస్తే ముందు మేకుతో గీకు. గీత పడకుండా, అదే గాజును గీస్తే పలుగురాయి. గీత పడితే ఆ పొడి మీద రెండు చుక్కలు వెనిగర్ వెయ్యి. బుడగలొస్తే కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం. డోలమైటు దాదాపు పొంగదు. రాయిని కడగకుండా వేస్తే పైన అంటిన సున్నపు దుమ్ము పొంగి మోసం చేస్తుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వద్దు. పొంగకపోగా, చేతిలో అనుకున్నదానికంటే బరువనిపిస్తే ముగ్గురాయి (బెరైటీస్): కాల్సైట్ నీటికి 2.7 రెట్లయితే ఇది 4.5. మంగంపేట ముగ్గురాయి జాతీయ భూవిజ్ఞాన స్మారకం, అక్కడ సుత్తి ఎత్తొద్దు.

పులివెందుల వైపు పట్టుదారంలా మెరిసే పోగులు కనిపిస్తే ముట్టుకోకు, గీకకు. అది రాతినార (ఆస్బెస్టాస్), దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇక పోదు.

గనిలోకి లీజుదారుని అడక్కుండా వెళ్ళకు. గోడ కింద నిలబడకు, బయట పోసిన చెత్తరాళ్ళు చాలు. కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో. రాయి తియ్యకముందే పైవైపుకి బాణం గుర్తు వెయ్యి, అది లేకపోతే స్ట్రొమాటొలైట్ ఏ వైపు పెరిగిందో తరవాత తేల్చలేం. ఇంటికొచ్చాక మూల మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టి నంబరు రాయి. అదే నంబరు కింద నోటుబుక్కులో ఊరు, ఏ పరుపు, తేదీ రాయి.

ఈసారి ఫోటోలో రూపాయి బిళ్ళ పక్కన పెట్టు, తడిపిన పక్కముఖాన్ని తియ్యి.

నాన్న