కాటు పడిన ఊరి పేరు రాయించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళిక, ప్రతి కేసూ తప్పనిసరిగా నమోదు కావాలంటూ 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖ మీకు తెలిసినవే. వాటిని మళ్లీ వివరించం. ఇదివరకటి వినతులకు జవాబు రాలేదు కాబట్టి ఒక్క విషయమే విడమరిచి చెబుతున్నాం. కాటు ఏ ఊళ్లో, ఏ చోట పడిందో ఆస్పత్రి రిజిస్టరులో ఉండటం లేదు.

ఉండేది రోగి ఇంటి చిరునామా. కోతలకు పక్క మండలం వెళ్లిన కూలీకి అక్కడి పొలంలో కాటు పడితే, అది సొంతూరి లెక్కలో చేరుతోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) నుంచి ఏరియా ఆస్పత్రికి, అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రికి రిఫర్ చేస్తే ఒకే మనిషి మూడు కేసులవుతున్నాడు. దారిలో ప్రాణం పోతే ఆ మరణం మూడింట్లో దేనికీ ఎక్కదు. నాటువైద్యం దగ్గర ఆగిపోయి చనిపోయినవారి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఈ లెక్కతో పటం గీస్తే పెద్దాసుపత్రి ఉన్న పట్టణం ఎర్రగా, పాములున్న పల్లె తెల్లగా కనిపిస్తుంది. విరుగుడు మందు పంపేది ఆ పటం చూసే అయితే ఎవరికి అందుతుంది సార్?

జిల్లా సగటు ఇక్కడ పనికిరాదు. 2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో కాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అదే జిల్లాలోని మిగతా మండలాలన్నిటికీ అదే ముప్పు ఉందనుకోలేం. వరి గట్ల మీద, కోతల వేళ కాళ్లకు కాటేసేది ఎక్కువగా రక్తపింజర. మెట్ట, రాతి నేలల్లో చిన్న పింజర. నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కాటేసేది కట్లపాము. దాని కాటుకు వాపుండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి.

పాము మారితే ఆస్పత్రిలో ఉండాల్సిన సరంజామా మారుతుంది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కాబట్టి ఆ ప్రాంతానికి శుభ్రమైన, పొడి గాజు గొట్టాలు కావాలి. 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా మామూలు రక్తమే గడ్డకట్టక, అక్కర్లేని మందు ఎక్కించాల్సి వస్తుంది. ఈ విషంతో కిడ్నీలు దెబ్బతినవచ్చు కాబట్టి డయాలసిస్ కూడా దగ్గర్లో ఉండాలి. కట్లపాము ప్రాంతానికి ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), ఆక్సిజన్, దారి పొడవునా ఊపిరి అందించగల మనిషి కావాలి. ఊపిరి ఆగిపోయాక మందు ఒక్కటే కాపాడలేదు. విరుగుడు మందు మొదటి డోసే 8 నుంచి 10 వయల్స్ (చిన్న సీసాలు). అన్ని పీహెచ్‌సీలకూ సమానంగా నాలుగైదు చొప్పున పంచితే కాట్లు ఎక్కువున్న చోట ఆ డోసు కూడా పూర్తికాదు.

ఇంకొకటి. మన విరుగుడు మందుకు విషం ప్రధానంగా తమిళనాడు పాముల నుంచే వస్తోంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఏ మండలం రోగికి ఎన్ని వయల్స్ ఎక్కించాక రక్తం గడ్డకట్టిందో రాసి ఉంచితే, మందు ఎక్కడ బలంగా పనిచేయడం లేదో మన రికార్డుల్లోనే ఆనవాలు దొరుకుతుంది. ఇప్పుడు అదీ లేదు. ఏజెన్సీ అడవుల్లోని పచ్చ పింజరకైతే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల కోసం చేసిన ఈ మందు ఉద్దేశించిందే కాదు. అక్కడి కేసులను వేరుగా గుర్తించాలి.

ఆస్పత్రి లెక్క ఒక్కటే చాలదు. శ్రీలంక 2012-13లో దేశమంతటా ఇంటింటి సర్వే చేస్తే ఏడాదికి 80 వేలకు పైగా కాట్లు తేలాయి. ఆస్పత్రుల లెక్క అందులో సగం కూడా లేదు. మనకు ఆశా కార్యకర్తలున్నారు. లాటరీ పద్ధతిలో గ్రామాలు ఎంచి, గత ఏడాది కాట్లు, గత కొన్నేళ్ల మరణాలు అడిగిస్తే చాలు. 2005కి వేసిన అంచనాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మరణాలు 5,200. ఇంత నష్టపోయిన నేలకు ఈ మాత్రం సర్వే ఎక్కువేమీ కాదు.

దయచేసి కాటు పడిన ఊరు, చోటు, వేళ, లక్షణాలు, మొదటి డోసు పడిన సమయం, ఎక్కించిన వయల్స్, రిఫరల్ వెంట మారని ఒకే నంబరు తప్పనిసరి చేయండి. దేశంలో పాముకాటు మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే జరుగుతున్నాయి. ఉత్తర్వు మే నెలాఖరులోగా పీహెచ్‌సీలకు చేరేలా చూడండి. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
పాముకాటు నివారణ కోసం పనిచేస్తున్న వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు