కాయలు కాచిన వేళ్ళు

అక్కకి,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగితే "బాగానే ఉంది" అని మాట మార్చేశాను. పక్కన నాన్న ఉన్నారని తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

రెండు నెలలుగా పగలు గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనికి వెళ్తున్నాను. పెళ్ళిళ్ళకీ పార్టీలకీ వయొలిన్ వాయించే పిలుపులు బాగా తగ్గాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం ముందు మానుకునేది మమ్మల్నే, నేనైనా అదే చేస్తాను. నేర్చుకునే పిల్లలు ఏడుగురుంటే ముగ్గురు మిగిలారు.

"పాటలు నెట్‌లో పెట్టావుగా, డబ్బులు రావా?" అన్నావు. ఒక్కసారి వింటే ఇంత అని రేటేమీ ఉండదక్కా. చందాల డబ్బు, ప్రకటనల డబ్బు అంతా ఒకచోట పోగేసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. ఒక పెద్ద యాప్‌లో 2024 నుంచి, ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ ట్రాకు పంపకంలోకే రాదు. నా ఐదింట్లో ఒక్కటే ఆ గీత దాటింది. అందులోనూ ముగ్గురం వాటాదార్లం.

పని కష్టం కాదు, టెన్షనంతా వేళ్ళ గురించే. నా ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాచాయని ఏడిపించేదానివి కదా, అట్టపెట్టెల అంచులు ఒరుసుకుని అవి పొరలు లేచిపోతున్నాయి. రాత్రి తీగ నొక్కితే భగ్గుమంటుంది. దానికి తోడు పోయిన వారం సన్న తీగ తెగింది. అదొక్కటే మార్చాను. కొత్తది కీచుమంటుంటే పాత మూడూ జలుబు చేసినట్టు పలుకుతున్నాయి. పక్కింటివాళ్ళు నిద్రపోతారు కాబట్టి తీగల కింద ఉండే బ్రిడ్జి చెక్కకి, శబ్దం తగ్గించే మ్యూట్ తగిలించి సాధన చేస్తున్నా.

1730లో జర్మన్ సంగీతకర్త బాక్ లైప్జిగ్ ఊరి నుంచి పాత స్నేహితుడికి రాసిన ఉత్తరం చదివాను. అంత్యక్రియల పాటలకు వచ్చే రుసుం ఆయన రాబడిలో ఒక భాగం. ఊళ్ళో గాలి ఆరోగ్యంగా ఉండి చావులు తగ్గాయి, ఆదాయం పడిపోయింది అని వాపోయాడు. అంతటివాడు! కనీసం నేను ఎదురుచూసేది పెళ్ళిళ్ళ కోసం.

డబ్బు పంపకు. నాన్న అడిగితే ఉద్యోగం దొరికిందని చెప్పు, అబద్ధమేమీ కాదు. వచ్చే ఆదివారం ఒక ఆర్కెస్ట్రా ఆడిషన్ ఉంది, ఎవరైనా రానప్పుడు పిలిచే జాబితా కోసం. షిఫ్టు మార్పించుకున్నాను. వాయించేది ఎవరో తెలియకుండా తెర కడతారు. వేళ్ళు కూడా కనబడవులే.

నీ తమ్ముడు