వేరు కడిగితే గానీ తెలియదు

ఒరేయ్ బావా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. రెండు వారాలుగా బీన్స్ మొక్కలు పీకడం, బకెట్లో వేర్లు ముంచి కడగడం, మార్కులు వేయడం, ఇదే పని. గోళ్ల సందుల్లో మట్టి ఇంకా పోలేదు. "గింజలు చల్లి కూర్చుంటావు, నీదీ ఒక ఉద్యోగమేనా" అన్నావుగా పోయినసారి? ఇప్పుడు ఓపిగ్గా చదువు.

వేరుకుళ్లుతో వచ్చిన చిక్కేంటంటే అది పైకి కనపడదు. ఆకుమచ్చ తెగులైతే గట్టు మీద నిలబడి చెప్పేయొచ్చు. ఇక్కడ ఫ్యుసేరియం సొలాని అనే శిలీంధ్రం ముందు తల్లివేరు మీద సన్నటి ఎర్రటి చారలు తెస్తుంది. చారలన్నీ కలిసిపోయి వేరు గోధుమరంగుకు తిరుగుతుంది, చివరికి ఎండుపుల్లవుతుంది. అప్పటికీ ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఊరిస్తుంటాయి. పోనీ శత్రువు ఒక్కడేనా? పిథియం గింజను మొలవకముందే మెత్తగా కుళ్లబెడుతుంది. రైజోక్టోనియా కాండం మొదట్లో గుంటపడిన పుండు చేస్తుంది. ఒకే మడిలో మూడూ కాపురం పెట్టగలవు. ఫ్యుసేరియమైతే మందపాటి గోడలున్న బీజాలుగా మారి, బీన్స్ వేయకపోయినా మట్టిలో ఏళ్ల తరబడి పడుకుంటుంది. పంట మార్పిడితో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే తట్టుకునే రకం కోసం ఈ తిప్పలు.

నా పరువు పోయిన సంగతి చెప్తా, నవ్వకు. ఈసారి 40 లైన్లు, అంటే తెగులును తట్టుకుంటాయేమో పరీక్షించాల్సిన 40 రకాలు, పెట్టాం. ఉడికించిన జొన్నగింజల మీద శిలీంధ్రాన్ని పెంచి, ఆ గింజల్ని మట్టిలో కలిపి విత్తాం. మడి చివర మూడు లైన్లు పీకి కడిగితే, వేర్లు ముల్లంగిలా తెల్లగా మెరిసిపోతున్నాయి! మా స్కేలులో 1 అంటే మచ్చ లేనిది, 9 అంటే వేరు దాదాపు మొత్తం పోయినట్టు. మూడింటికీ 1 వేసేశా. మా వాళ్లందర్నీ పిలిచి చూపించా కూడా. ఆ పక్కనే ఉన్న మొక్కనీ ఊరికే పీకి చూశా. అది పోల్చి చూడ్డానికి పెట్టిన రకం, ఎక్కడ వేసినా కుళ్లిపోయేది. దాని వేరూ అంతే తెల్లగా ఉంది. ప్రాణం ఉసూరుమంది. ఆ చివర మట్టి కాస్త ఎత్తుగా ఉండి నీరు నిలవలేదు, పైగా జొన్న మిశ్రమం అక్కడికొచ్చేసరికి పలచబడింది. అవి తట్టుకున్నవి కావురా, తప్పించుకున్నవి. మొత్తం మళ్లీ మొదట్నుంచి.

ఒకే జన్యువు చేతిలో ఉంటే ఇంత గొడవ ఉండదు. ఫ్యుసేరియం వేరుకుళ్లును తట్టుకునే గుణం చాలా జన్యువుల్లో చిల్లర చిల్లరగా ఉంటుంది. ఒక్కోటి ఇచ్చేది కొంచెమే. మట్టి గట్టిపడినా, తడి ఎక్కువైనా ఆ కొంచెమూ కనపడదు. మెక్సికో నుంచి వచ్చిన ఎన్ 203 అనే చిన్న నల్లగింజల బీన్స్‌లో ఈ గుణం బాగుంది, కొత్త రకాలు తయారుచేసే మా బ్రీడర్లు దాన్ని ఎప్పట్నుంచో దాతగా వాడుతున్నారు. మార్కెట్టుకేమో రాజ్మా లాంటి పెద్ద గింజ కావాలి. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల నుంచి వచ్చిన ఆ పెద్దగింజ రకాల్లో ఎక్కువభాగం ఈ తెగులుకు ఇట్టే లొంగిపోతాయి. రెండూ కలిపితే మొదట గింజ చిన్నదైపోతుంది, రంగు మారిపోతుంది. పెద్దగింజ రకంతో మళ్లీ మళ్లీ సంకరం చేసి గింజను వెనక్కి తెచ్చుకునేలోపు, తెచ్చిన మంచి గుణం సగం జారిపోతుంది. ఇంకో విడ్డూరం విను. కొన్ని జంటలకు అసలు పొత్తే కుదరదు. చిన్నగింజల వైపు నుంచి డీఎల్1, పెద్దగింజల వైపు నుంచి డీఎల్2 అనే జన్యువులు ఒకే మొక్కలో కలిస్తే, పిల్ల మొక్క మరుగుజ్జుగా ముడుచుకుపోతుంది. వేరూ కొమ్మా ఒకదానికొకటి పడవు. జాతకాలు చూడకుండా పెళ్లి చేసినట్టే అనుకో.

నిన్నటి మొక్క మాత్రం నన్ను వదలట్లేదు. తల్లివేరు పూర్తిగా చచ్చింది, గిల్లితే పైతోలు ఊడి చేతికొచ్చింది. కానీ పుండుకు పైన, నేల మట్టానికి కాస్త కింద, దారప్పోగుల్లాంటి తెల్లటి కొత్త వేర్లు గుత్తుగా పుట్టాయి. చూపించి మావాణ్ణి మార్కు అడిగితే "7, అవతల పారేయ్" అన్నాడు. స్కేలు ప్రకారం వాడిదే కరెక్టు. ఆ వేర్లు పైపైనే ఉంటాయి, పదిరోజులు బెట్ట వస్తే మాడిపోతాయని కూడా అన్నాడు. అదీ నిజమే. కానీ వేరు పోయాక ఇంకో వేరు పుట్టించుకుని కాపు కాసే మొక్కను కుళ్లిపోయిందని ఎలా పారేస్తాం? నాకు మనసొప్పలేదు. వాదనలో గొంతు కొంచెం పెరిగింది కూడా.

చివరికి నోటుపుస్తకంలో 7 వేసి, పక్కనే కొత్త వేర్లకు వేరే గడి గీశా. మొక్కను తీసుకెళ్లి కుండీలో మళ్లీ నాటా. పొద్దున చూస్తే ఆకులు వాలిపోయి ఉన్నాయి, చివరి చిగురు మాత్రం నిలబడి ఉంది. బతికితే గింజలు విడిగా కట్టి పెడతా. నువ్వు వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకో, రెండో బకెట్ నీదే.

నీ
బావ